మా ఇంటి ముచ్చట: నడిమి బటన్ నొక్కితే మామయ్య పలికారు

ఈ వారం వంట కాదు, వైరు ముచ్చట. చదివాక మీ అటక మీది డబ్బా కూడా ఒకసారి దింపుతారని నా ఆశ.

కిందటి దీపావళికి ఇల్లు దులుపుతుంటే రేకు డబ్బాలో పాత వాక్‌మన్, ఒక క్యాసెట్ దొరికాయి. వాక్‌మన్ 1995లో మా బావగారు దుబాయి నుంచి తెచ్చింది. క్యాసెట్ మామయ్య మాటలది. మా బోథ్ వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లకు అప్పట్లో ఉత్తరాలతో పాటు మాటలు నింపిన క్యాసెట్లు కూడా పంపేవారు. ఎవరైనా పోతుంటే చేతికిచ్చేవాళ్లం. మామయ్య పోయి పదకొండేళ్లు. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

"ఒక్కసారి వినిపియ్యి బిడ్డా" అన్నది అత్తమ్మ.

కొత్త సెల్లు వేశాను. మా అబ్బాయి ఫోన్ ఇయర్‌ఫోన్ పెట్టాను. క్యాసెట్ తిరుగుతున్నది గానీ గుయ్యిమనే సప్పుడే తప్ప మాట లేదు. అత్తమ్మ కాసేపు విని, తీసి పక్కన పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు గుండె జారింది. పెళ్లయిన కొత్తలో ఆ డబ్బాలోని క్యాసెట్ల మీద నేనే పాటలు ఎక్కించుకునేదాన్ని. ఇది కూడా నా చేత్తోనే చెరిపేశానా? రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, అన్నం సయించలేదు.

మూడో రోజు మళ్లీ పెట్టి చూస్తుంటే, వైరు మీదున్న చిన్న రిమోట్ నా బొటనవేలి కింద నొక్కుకుంది. "పెద్దోడా, మంచిగున్నవా" అని మామయ్య! వేలు తీస్తే పోయింది. నొక్కితే వచ్చింది.

సాయంత్రం అబ్బాయి పిన్ను చూపించి చెప్పాడు. పాత ఇయర్‌ఫోన్ పిన్ను మీద నల్ల గీతలు రెండు, అంటే మూడు భాగాలు. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెండింటికీ ఉమ్మడి తీగ ఒకటి. రిమోట్, మైకు ఉన్న ఫోన్ పిన్నుకు గీతలు మూడు, భాగాలు నాలుగు. నాలుగోది మైకుది. కొన్ని పాత వాక్‌మన్ల రంధ్రం ఉమ్మడి తీగను వదిలి మైకు భాగాన్ని పట్టుకుంటుంది. అప్పుడు రెండు చెవులకూ సమానంగా రావలసిన శబ్దం ఒకదానికొకటి ఎదురై చెల్లిపోతుంది. మాట రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ముందు అదే మాయమవుతుంది. నడిమి బటన్ చేసే పని మైకు తీగను ఉమ్మడి తీగతో కలపడమే. ఫోన్‌లో అయితే పాట ఆగుతుంది, మా వాక్‌మన్‌లో గొంతు వచ్చింది!

బజారులో రెండు గీతల ఇయర్‌ఫోన్ కొన్నాం, బాధ తీరింది. అత్తమ్మకు చెవుడు కాబట్టి బతుకమ్మకు వాడే యాంప్లిఫైయర్‌కు కూడా కలిపాం. "మీ అమ్మ పక్కనే కూసుంది, మాట్లాడుమంటే సిగ్గుపడుతుంది" అని మామయ్య అంటుంటే అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "అప్పుడే రెండు మాటలు మాట్లాడకపోతి" అన్నది.

మీకోసం కొన్ని జాగ్రత్తలు:

1. పాట వచ్చి గొంతు రాకపోతే క్యాసెట్‌నూ, ప్లేయర్‌నూ తిట్టకండి. ముందు పిన్ను మీది గీతలు లెక్కపెట్టండి. పిన్ను కాస్త బయటికి లాగితే ఒక్కోసారి పలుకుతుంది గానీ నిలవదు.

2. రిమోట్లన్నీ ఒకటి కావు. ఒక కంపెనీ వైరు మీది సౌండ్ బటన్లు ఇంకో కంపెనీ ఫోన్‌లో పనిచేయకపోవచ్చు. 2009లో వచ్చిన ఐపాడ్ షఫుల్‌కైతే పాటలు మార్చే బటన్లు ఇయర్‌ఫోన్ వైరు మీదే ఉండేవి. అది పోతే ప్లేయర్ ఉన్నా చేతులు కట్టేసినట్టే.

3. యాంప్లిఫైయర్ ఆపి ఉంచి వైరు కలపండి. 'ఆక్స్' రంధ్రంలోనే పెట్టాలి, మైకు రంధ్రంలో పెడితే గొంతు పగిలినట్టు వస్తుంది. ప్లేయర్ సౌండ్ సగానికి పైన పెట్టి, యాంప్లిఫైయర్‌ది సున్నా నుంచి మెల్లగా పెంచండి. తడి చేతులతో ముట్టుకోవద్దు.

4. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. నాకు ఇది ముందే తెలిస్తే ఆ రెండు రోజులు తిండి మానేదాన్ని కాదు.

5. వాడని ప్లేయర్‌లో సెల్లు ఉంచకండి, కారిపోతాయి.

6. ఇయర్‌ఫోన్ పెట్టుకునే పిల్లలకు చెప్పండి. పెద్దవాళ్లకైనా 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలకు మించి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఇప్పుడు మామయ్య మాటలు మా అందరి ఫోన్లలో ఉన్నాయి. మొన్న అబ్బాయి అత్తమ్మ ముందు ఫోన్ పెట్టి రికార్డు నొక్కాడు. ఈసారి ఆమె సిగ్గుపడలేదు.