కెనడా జవాబులో మనుషులేరి?

ఫ్రెండ్స్, "విస్తారమైన వనరులున్న కెనడా ఒక దేశంగా ఎలా ఎదిగింది?" అని మెయిన్స్‌లో అడిగితే మనలో చాలామంది ఏం రాస్తాం? 1867 సమాఖ్య, పసిఫిక్ రైల్వే, గోధుమ, నికెల్, అల్బెర్టా చమురు. చివర్లో "భారత్ దీన్నుంచి నేర్చుకోవాలి" అని ఒక ముగింపు. మాక్ టెస్టులో నేనూ అదే రాశాను. పేపర్ దిద్దినవారు పక్కన ఒక్క ముక్క రాశారు: "ఇందులో మనుషులేరి?"

దానికి జవాబు మా ఇంటి దగ్గర్లోనే దొరికింది. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల మేం కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటున్నాం. దగ్గరున్న మాఝేర్‌హాట్‌లో లోకల్ ఎక్కితే చివరి స్టేషన్ బజ్‌బజ్. ఇప్పుడు దాని పేరు కొమగాట మారు బజ్‌బజ్.

1914 మేలో కొమగాట మారు ఓడలో 376 మంది భారతీయులు వాంకూవర్ చేరారు. వారిలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు. వాళ్లూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే, కెనడా కూడా ఆ సామ్రాజ్యంలోదే. అయినా స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా వస్తేనే రానిస్తామనే 1908 నాటి నిబంధన చూపి, కొద్దిమందిని తప్ప దిగనివ్వలేదు. ఆ నిబంధనలో భారతీయుల పేరెత్తలేదు, కానీ గురి వాళ్లే. రెండు నెలల తర్వాత ఓడను తిప్పి పంపారు. సెప్టెంబర్ 29న బజ్‌బజ్‌లో దిగినవాళ్లను నేరుగా పంజాబ్ రైలెక్కించాలని బ్రిటిష్ ప్రభుత్వం చూసింది. వాళ్లు ఒప్పుకోలేదు. కాల్పుల్లో సుమారు 20 మంది ప్రయాణికులు చనిపోయారు.

ఇప్పుడు 1885కి వెళ్దాం. నవంబర్ 7న పసిఫిక్ రైల్వే పట్టాలకు చివరి మేకు కొట్టారు. 1871లో బ్రిటిష్ కొలంబియా సమాఖ్యలో చేరడానికి పెట్టుకున్న షరతే ఆ రైలు. పశ్చిమాన కొండలు తొలిచి పట్టాలు వేసినవాళ్లలో వేలాదిమంది చైనా కూలీలున్నారు. అదే ఏడాది చైనా వలసదారులపై 50 డాలర్ల తలపన్ను వేశారు. నవంబర్ 16న, తమ భూముల కోసం తిరగబడ్డ మేటీ ప్రజల నాయకుడు లూయీ రియెల్‌ను ఉరితీశారు. మేకుకూ ఉరికీ మధ్య తొమ్మిది రోజులే.

అందుకే నా అభిప్రాయం: వనరులే కెనడాను నిలబెట్టాయనడం సగం నిజం. ఆ వనరులు ఎవరివి, ఆ దేశం ఎవరిది అనే తగాదాలను ఆలస్యంగానైనా చట్టంతో తేల్చుకోవడం మిగతా సగం. ప్రెయిరీ రాష్ట్రాలకు తమ భూములు, ఖనిజాలపై హక్కు 1930లోగానీ రాలేదు. మూలవాసుల భూమి హక్కుపై కాల్డర్ తీర్పు 1973లో వచ్చింది. 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ వారి హక్కులను గుర్తించింది. తలపన్నుకు 2006లో, కొమగాట మారుకు 2016లో ప్రధానులు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఇవి మనకు పరాయి ప్రశ్నలు కావు. బలమైన కేంద్రం ఉన్న సమాఖ్య నమూనాను మనం కెనడా నుంచే తీసుకున్నాం. ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని మన సుప్రీంకోర్టు చెప్పింది 2024లోనే. విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంత గనుల మీద వచ్చిన 1997 సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం చెల్లదంది.

"250 పదాల్లో ఇవన్నీ ఎక్కడ పడతాయి?" అంటారా? రెండు వాక్యాలు చాలు. నాలాగా ఇంజనీరింగ్ చదివినవాళ్లకు టన్నులు, కిలోమీటర్లు రాయడం తేలిక. కానీ రేపు సర్వీసులోకి వెళ్లాక గనుల ఫైలు మన టేబుల్ మీదికే వస్తుంది. అందులో టన్నులు ఎలాగూ ఉంటాయి. ఊళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూడాల్సింది మనమే.

ఇవాళే ఈ ప్రశ్నకు జవాబు రాయండి. మనుషులు ఎన్నో పేరాలో వచ్చారో మీరే చూసుకోండి.