వాదించడమే నేరమైతే వకీలు ఎవరికి దొరుకుతాడు?

కోయంబత్తూరులో న్యాయవాదులకూ పోలీసులకూ ఘర్షణ జరిగింది. కేసులు నమోదయ్యాయి. నిందితులైన పోలీసుల తరఫున తమ సభ్యుడెవ్వరూ వాదించరాదని అక్కడి బార్ అసోసియేషన్ తీర్మానించింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, 2010 డిసెంబరులో జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞాన్ సుధా మిశ్రాల ధర్మాసనం ఇటువంటి తీర్మానాలు రాజ్యాంగానికీ, చట్టానికీ, వృత్తిధర్మానికీ విరుద్ధమనీ, అవి ఎంతమాత్రం చెల్లవనీ తేల్చి చెప్పింది. నిందితుడు ఎంతటి దుర్మార్గుడని లోకం భావించినా, తన తరఫున వాదన వినిపించుకునే హక్కు అతనికి ఉన్నదనీ, అతని పక్షాన నిలిచి వాదించడం న్యాయవాది కర్తవ్యమనీ ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పును మన సముదాయం ఎందుకు గుర్తుంచుకోవాలి? ఉగ్రవాద కేసులో ఇరుక్కున్న ముస్లిం యువకునికి ఏ వకీలూ దొరకకుండా చేసే తీర్మానాలకు విరుగుడుగా నేడు మనం చూపుతున్నది దీనినే. కాని ఇది మన పిల్లల కేసులో రాలేదు. పోలీసులకు వకీలు కరువైన కేసులో వచ్చింది. ఈ వ్యాసం చెప్పదలచినదంతా ఆ ఒక్క విషయంలోనే ఇమిడి ఉంది. మనకు నచ్చనివాని వకీలును కాపాడే సూత్రమే మన వకీలునూ కాపాడుతుంది. వేరే సూత్రమేదీ లేదు.

న్యాయవాదిని శిక్షించే అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టంలోని 35వ సెక్షన్ ద్వారా రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు సంక్రమించింది. ఫిర్యాదు అందినా, అందకపోయినా, తప్పు జరిగిందని నమ్మే కారణముంటే కౌన్సిల్ ఆ విషయాన్ని క్రమశిక్షణ సంఘానికి పంపాలి. ఆ సంఘం మందలించవచ్చు, కొంతకాలం వృత్తి నుంచి నిలిపివేయవచ్చు, న్యాయవాదుల జాబితా నుంచి పేరునే తొలగించవచ్చు. ఇంత కఠినమైన శిక్షలను పేర్కొన్న ఆ చట్టం, శిక్షకు మూలమైన దుష్ప్రవర్తన అంటే ఏమిటో మాత్రం నిర్వచించలేదు. వృత్తిపరమైన లేదా ఇతరమైన దుష్ప్రవర్తన అని ఊరుకున్నది. ఆ ఇతరమైన అన్న మాటలో ఎంతైనా పడుతుంది. ఎవరినైనా పట్టవచ్చు.

అయితే, అదే చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన నియమావళి స్పష్టంగా మరొక మాట చెబుతున్నది. న్యాయవాది తనకు గాని ఇతరులకు గాని ఎటువంటి కష్టం వాటిల్లినా లెక్కచేయక, న్యాయమైన, గౌరవప్రదమైన మార్గాలన్నిటిలో నిర్భయంగా కక్షిదారు ప్రయోజనాన్ని కాపాడాలి. నిందితుడు దోషి అని తాను వ్యక్తిగతంగా నమ్మినా సరే అతని తరఫున వాదించాలి. దీనిని నియమావళి ఔదార్యమని అనలేదు, కర్తవ్యమని అన్నది. మరి ఆ కర్తవ్యాన్ని నెరవేర్చినవానిపై క్రమశిక్షణ పేరుతో కత్తి వేలాడదీస్తే, ఒకే చేతితో ఆజ్ఞాపించి, అదే చేతితో కొట్టినట్లు కాదా?

ఆ కత్తి ఎటువైపు తిరుగుతుందో ఇటీవలి సంవత్సరాల అనుభవం చూపుతూనే ఉంది. 2020 ఆగస్టులో ప్రశాంత్ భూషణ్‌ను రెండు ట్వీట్ల విషయంలో సుప్రీంకోర్టు ధిక్కార నేరం కింద దోషిగా నిర్ణయించి, ఒక్క రూపాయి జరిమానా విధించింది. మరుసటి నెలలోనే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ విషయాన్ని పరిశీలించవలసిందిగా ఢిల్లీ బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. న్యాయస్థానం ఒక్క రూపాయితో ముగించిన దానిని జీవనోపాధి మీదికి తేవడానికి ఇంత తొందర ఎందుకు? 2021 జూన్‌లో అదే సంస్థ కొత్త నియమాలు ప్రకటించింది. న్యాయస్థానాలను, న్యాయమూర్తులను, చివరికి బార్ కౌన్సిల్‌ను సైతం కించపరిచేవిగానో, దురుద్దేశపూరితంగానో భావించిన ప్రకటనలను దుష్ప్రవర్తనగా పరిగణించే నియమాలవి. విమర్శ వెల్లువెత్తడంతో వాటి అమలును నిలిపివేయక తప్పలేదు. నిలిపివేసిన మాట నిజమే. కాని ఆ ఆలోచన ఎవరి మనసులో పుట్టిందో, ఎందుకు పుట్టిందో మనం మరచిపోరాదు.

దీని పక్కనే మరొక దృశ్యాన్ని పెట్టి చూడండి. 2018 జనవరిలో కఠువాలో ఎనిమిదేళ్ల బకర్వాల్ బాలిక హత్యాచారానికి గురైంది. ఏప్రిల్ 9న ఛార్జిషీటు దాఖలు చేయడానికి వచ్చిన పోలీసులను కోర్టు వద్ద న్యాయవాదులు అడ్డగించారని కేసు నమోదైంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పంపిన బృందం మాత్రం, న్యాయవాదులు అడ్డుకున్నారన్న ఆరోపణ సరికాదని సుప్రీంకోర్టుకు నివేదించింది. చివరకు సుప్రీంకోర్టే ఆ విచారణను పఠాన్‌కోట్‌కు మార్చవలసి వచ్చింది. అక్కడ 2019 జూన్‌లో ఏడుగురిలో ఆరుగురు దోషులుగా తేలారు. మాట్లాడిన న్యాయవాది విషయంలో అంత చురుకుదనం, కేసు నడవకుండా చేశారని ఆరోపణ వచ్చిన న్యాయవాదుల విషయంలో అంత ఉదారత! క్రమశిక్షణకు కొలబద్ద ఒకటే అయితే ఈ తేడా ఎక్కడిది?

శిక్ష ఎప్పుడూ క్రమశిక్షణ సంఘం నుంచే రావాలని కూడా లేదు. 2020లో కర్ణాటకలోని హుబ్బళ్లిలో రాజద్రోహ నేరం మోపబడిన ముగ్గురు కశ్మీరీ విద్యార్థుల తరఫున ఎవరూ వాదించరాదని స్థానిక న్యాయవాదుల సంఘం తీర్మానించింది. 2010 నాటి తీర్పు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది. కర్ణాటక హైకోర్టు ఆ తీర్మానాన్ని తప్పుపట్టింది. బయటి నుంచి వచ్చిన న్యాయవాదులు పోలీసు రక్షణతో కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ అల్లర్ల బాధితుల తరఫున వాదిస్తున్న మహమూద్ ప్రాచా కార్యాలయంలో ఢిల్లీ పోలీసులు సోదాలు జరిపారు. నకిలీ పత్రాల ఆరోపణపై దర్యాప్తు అని వారు చెప్పారు. ఆరోపణ ఉంటే దర్యాప్తు చేయవచ్చు, కాదనలేము. కాని కక్షిదారుల రహస్యాలన్నీ ఉండే కంప్యూటర్‌పై పోలీసు చేయి పడితే, ఇక ఏ బాధితుడు ధైర్యంగా తన గోడు వకీలుకు చెప్పుకుంటాడు? 2021 నవంబరులో త్రిపుర హింసపై నిజనిర్ధారణకు వెళ్లి నివేదిక ఇచ్చిన ఇద్దరు న్యాయవాదులకు ఊపా చట్టం కింద నోటీసులు వెళ్లాయి. వారిపై బలవంతపు చర్యలు వద్దని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇక షాహిద్ ఆజ్మీ సంగతి చెప్పనక్కరలేదు. స్వయంగా జైలు అనుభవించి, చదువుకుని, న్యాయవాదియై, ఉగ్రవాద కేసుల్లో ఇరుక్కున్న పేదల పక్షాన నిలిచినవాడు ఆయన. 2010 ఫిబ్రవరి 11న ముంబై కుర్లాలోని తన కార్యాలయంలోనే తుపాకీ గుండ్లకు బలయ్యాడు. అప్పటికి ఆయన 26/11 కేసులో ఫహీమ్ అన్సారీ తరఫున వాదిస్తున్నాడు. మూడు నెలలు తిరగకముందే విచారణ కోర్టు ఫహీమ్‌ను ఆ కేసులో నిర్దోషిగా ప్రకటించింది. హైకోర్టు, 2012లో సుప్రీంకోర్టు దానినే నిలబెట్టాయి. దేశద్రోహి వకీలు అని ఆజ్మీని నిందించినవారు ఏ మనిషి కోసం ఆయనను నిందించారో, ఆ మనిషి ఆ కేసులో నిరపరాధి. ఆజ్మీ వంటివారు ముందుకు రాకపోయి ఉంటే ఆ సత్యం ఏ గదిలో సమాధి అయ్యేదో ఊహించుకోండి.

హైదరాబాద్ వాసులకు దీనిని ఊహించుకోవలసిన పని కూడా లేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత పాతబస్తీ యువకులను పెద్ద సంఖ్యలో పట్టుకుపోయారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. కేసులు ఎదుర్కొన్నవారు చివరకు నిర్దోషులుగా బయటికి వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వమే తరువాత వారికి నష్టపరిహారం ప్రకటించవలసి వచ్చింది. ఆ తల్లిదండ్రులు తొలి రోజుల్లో వెదికినది నాయకుణ్ణి కాదు, పత్రికలవారిని కాదు. వకాల్తాపై సంతకం చేసే ఒక్క వకీలును. ఆ సంతకం చేస్తే రేపు తన సన్నదుకే ముప్పు వస్తుందని వకీలు భయపడే రోజు వస్తే, ఆ తల్లి ఎవరి గడప తొక్కాలి?

ఇక్కడొక ప్రశ్న సహజంగా వస్తుంది. న్యాయవాది ఏమి చేసినా ఊరుకోవాలా? ఎంతమాత్రం కాదు. సాక్షిని కొనేవాడు, దొంగ పత్రం పుట్టించేవాడు, కక్షిదారు సొమ్ము తినేవాడు, తెలిసి తెలిసి కోర్టుకు అబద్ధపు వాస్తవాలు చెప్పేవాడు శిక్షార్హుడే. అతడు మన పక్షాన వాదించినా శిక్షార్హుడే. అమెరికాలో రూడీ గియులియానీ పేరును న్యూయార్క్ న్యాయస్థానం 2024 జూలైలో న్యాయవాదుల జాబితా నుంచి తొలగించింది. 2020 ఎన్నికల గురించి అబద్ధపు మాటలు చెప్పాడన్నది అందుకు కారణం. అదే దేశంలో 2025లో, తనకు గిట్టని కక్షిదారుల తరఫున, గిట్టని వ్యాజ్యాల్లో పనిచేసిన న్యాయవాద సంస్థలపై అధ్యక్షుడు ట్రంప్ ఆంక్షల ఉత్తర్వులు జారీ చేయగా, పెర్కిన్స్ కూయీ అనే సంస్థపై వెలువడిన ఉత్తర్వును ఫెడరల్ న్యాయమూర్తి కొట్టివేశారు. ఈ రెంటి నడుమ ఉన్న గీతే మనకు ముఖ్యం. జరగనిది జరిగిందని చెప్పడం ఒకటి. జరిగినదానికి చట్టం ఇలా వర్తిస్తుందని వాదించడం మరొకటి. మొదటిది అబద్ధం కావచ్చు. రెండవది తప్పు కావచ్చు, బలహీనం కావచ్చు, అధిక సంఖ్యాకులకు కంటగింపు కావచ్చు, కాని నేరం కాజాలదు. బలహీనమైన వాదనకు శిక్ష న్యాయస్థానంలోనే ఉంది: అది ఓడిపోతుంది. ఓడిన వాదనకు మళ్లీ బార్ కౌన్సిల్‌లో శిక్ష దేనికి?

ఈ గీతను మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే గీస్తే చాలదు. అయోధ్య కేసులో ముస్లిం పక్షాన వాదించిన రాజీవ్ ధావన్‌కు బెదిరింపు లేఖ వచ్చినప్పుడు, 2019లో సుప్రీంకోర్టు నోటీసు జారీ చేసినప్పుడు మనమంతా హర్షించాము. సబబే. కాని రేపు వక్ఫ్ సవరణ చట్టాన్ని సమర్థిస్తూ వాదించిన న్యాయవాదినో, హిజాబ్ నిషేధాన్ని సమర్థించిన న్యాయవాదినో మన వీధిలో ఎవరైనా దూషిస్తే, ఇంటి ముందు గుమిగూడితే, ఏమంటాము? వారి వాదనను ఖండించే హక్కు మనకు ఉన్నది. తీవ్రంగానే ఖండించాలి. కాని వారి వృత్తిని అడ్డుకునే హక్కు మనకు లేదు.

మన చరిత్రలోనే ఇందుకు నిదర్శనం ఉంది. 1985 నాటి షాబానో కేసులో ఇండోర్‌కు చెందిన ఆ వృద్ధురాలి పక్షాన నిలిచినది దానియాల్ లతీఫీ అనే ముస్లిం న్యాయవాది. అప్పటి సముదాయ నాయకత్వంలో అత్యధికులు ఎదుటి పక్షాన ఉన్నారు. 1986లో వచ్చిన ముస్లిం మహిళల చట్టాన్ని కూడా ఆయనే సవాలు చేశాడు. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయలేదు. అయితే, విడాకులు పొందిన స్త్రీ భవిష్యత్తుకు తగిన ఏర్పాటును ఇద్దత్ గడువులోగానే భర్త చేయాలని వ్యాఖ్యానించి నిలబెట్టింది. చట్టమూ నిలిచింది, ఆ స్త్రీకి గౌరవమైన ఆధారమూ దొరికింది. అప్పుడు సముదాయంలో ఎవరైనా లతీఫీ నోరు నొక్కగలిగి ఉంటే ఈ రెండూ మనకు దక్కేవి కావు.

ఇది మనకు కొత్త పాఠమూ కాదు. హజ్రత్ అలీ (రజి)ని యెమెన్‌కు న్యాయనిర్ణేతగా పంపుతూ దైవప్రవక్త (స) చేసిన హితవు మనలో ఎందరికో తెలుసు. మొదటివాని మాట విన్నట్లే రెండవవాని మాటా వినేదాకా తీర్పు చెప్పవద్దన్నది దాని భావం. నేటి న్యాయస్థానంలో రెండవవాని మాట వకీలు గొంతు నుంచే వినిపిస్తుంది. ఆ గొంతు నొక్కితే తీర్పు మిగులుతుంది గాని న్యాయం మిగలదు.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడుగుదాము. కోర్టులో చేసిన చట్టపరమైన వాదన, స్వీకరించిన వకాల్తా క్రమశిక్షణ చర్యకు ఎన్నటికీ ఆధారం కారాదని అడ్వకేట్స్ చట్టంలోనే చేర్చాలి. ఫలానా నిందితునికి వాదించరాదని తీర్మానించే బార్ అసోసియేషన్ బాధ్యులపైనే దుష్ప్రవర్తన విచారణ జరగాలి. 2010 తీర్పు ప్రతిని ప్రతి జిల్లా బార్ అసోసియేషన్ కార్యాలయంలో అందరికీ కనబడేలా ఉంచాలి. న్యాయవాది కార్యాలయంలో సోదా జరపాలంటే కక్షిదారుల రహస్యాలకు రక్షణ కల్పించే కచ్చితమైన నియమాలు ఉండాలి.

మన వంతు పనీ ఉన్నది. మసీదు కమిటీలు, సంక్షేమ సంఘాలు వసూలు చేసే చందాల్లో కొంత భాగం న్యాయసహాయానికి కేటాయించాలి. ఇంజనీరింగు, వైద్యం వైపే చూసే మన ఇళ్లలో న్యాయవిద్య చదివే అమ్మాయిలనూ అబ్బాయిలనూ ప్రోత్సహించాలి. అప్రియమైన కేసు పట్టిన న్యాయవాదికి, అతడు హిందువైనా ముస్లిమైనా, కష్టకాలంలో అండగా నిలవాలి. మన మాటకు వ్యతిరేకంగా వాదించిన ముస్లిం న్యాయవాదిని ద్రోహి అనే అలవాటు మానుకోవాలి.

ఒక సముదాయపు భద్రత దాని మిత్రుల బలాన్ని బట్టి తేలదు. అందరికీ అప్రియుడైన మనిషికి ఆ దేశంలో వకీలు దొరుకుతాడా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ మనిషి నేడు మరెవరో కావచ్చు. రేపు అతని పేరు మన ఇంటి పేరే కావచ్చు.