కాకీ, తాటిపండూ, గేరుపెట్టె నూనే

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. అదే క్షణాన పండు రాలింది. చూసినవాడు కాకే పండును రాల్చిందని నమ్మాడు. మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. ఇది అందరూ ఎరిగిన ముచ్చటే. అయితే మనలోని విద్యాధికులు, ముఖ్యంగా ఇంజినీరింగు పట్టాలు పుచ్చుకుని సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు, సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఈ న్యాయాన్ని పూర్తిగా మరచిపోతారన్నది నా అభియోగం.

నా దగ్గర 2006 నాటి హోండా అకార్డు ఒకటి ఉంది. నాలుగు సిలిండర్లది, ఆటోమేటిక్. నేనుండే ఒహాయో రాష్ట్రంలోనే, మేరీస్‌విల్ కర్మాగారంలో 1982లో అకార్డుల తయారీ మొదలయింది గనుక మాకది ఊరి బిడ్డ కిందే లెక్క. లక్షా ఎనభై వేల మైళ్ళు దాటింది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మా మేనల్లుడికి దాన్ని ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. నడిరోడ్డు మీద అది మొరాయిస్తే వాడికి దిక్కెవరు? గేరుపెట్టె మార్పిస్తే అయ్యే ఖర్చు కారు ఖరీదును మించిపోతుంది. అందుకని ఇచ్చేముందు గేరుపెట్టె నూనె మార్పిద్దామని ఒక గ్యారేజీకి తీసుకువెళ్ళాను.

అక్కడి పెద్దమనిషి డిప్‌స్టిక్కు తీసి చూసి, "ఇన్ని మైళ్ళు తిరిగిన బండిలో నూనె ముట్టుకోకండి. కొత్తది పోశారో, వారంలో గేరుపెట్టె పోతుంది" అని శాపంలాంటి సలహా ఇచ్చాడు. మిత్రులను అడిగితే వాళ్ళదీ అదే పాట. ఒకరి బావమరిది కారు అలాగే పోయిందట. మరొకరు, "అసలది జీవితకాలం మార్చనక్కరలేని నూనె కదండీ!" అని ఆశ్చర్యపోయారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారే గాని, ఎలా ఈనుతుందని ఒక్కరూ అడగలేదు.

ముందుగా ఈ 'జీవితకాలం' సంగతి తేల్చుకుందాం. ఎవరి జీవితకాలం?

ఆటోమేటిక్ గేరుపెట్టెలో ఈ ఎర్రని నూనె చేసే పని ఒకటి కాదు. టార్క్ కన్వర్టరులో ఇంజను బలాన్ని గేర్ల వైపు మోసుకుపోయేది అదే. కవాటాల గుండా ఒత్తిడితో ప్రవహించి, ఏ క్లచ్చు ఎప్పుడు పట్టుకోవాలో ఆ క్లచ్చును పట్టించేది అదే. పళ్ళచక్రాలకు కందెన అదే. లోపల పుట్టిన వేడిని బయటికి చేరవేసేదీ అదే. వీటన్నిటికీ తోడు, క్లచ్చు పలకలు జారిపోకుండా, అలాగని కుదుపు ఇవ్వకుండా పట్టుకునేలా కొలిచినట్టు రాపిడి నివ్వాలి. ఈ గుణం కోసమే అమెరికాలో ఒకప్పుడు ఇందులో తిమింగలాల తైలం కలిపేవారు. 1970ల తొలినాళ్ళలో ఆ తైలానికి చట్టం అడ్డు వచ్చాక రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవలసి వచ్చింది. ఇంత సున్నితమైన కూర్పు ఏళ్ళ తరబడి వేడికి కాగుతూ, గాలి తగిలి ఆక్సీకరణం చెందుతూ, అరిగిన క్లచ్చు పలకల పొడిని మోస్తూ చిరంజీవిగా ఉంటుందా?

జర్మనీలోని జడ్‌ఎఫ్ సంస్థ అనేక కార్ల కంపెనీలకు గేరుపెట్టెలు తయారుచేసి ఇస్తుంది. తన ఆటోమేటిక్ గేరుపెట్టెల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు, నూనె మార్చమని ఆ సంస్థే చెబుతోంది. అవే గేరుపెట్టెలు బిగించుకున్న కొన్ని కార్ల విషయంలో మాత్రం 'జీవితకాలం' అన్న మాట వినిపిస్తుంది. కన్నతల్లి మాట వినాలా, పెంపుడుతల్లి మాట వినాలా? నాకు తోచిన అర్థం ఒక్కటే. అది కారు జీవితకాలం కాదు, వారంటీ జీవితకాలం. ఆ గడువు దాటాక గేరుపెట్టె పోతే నష్టం మనది, కొత్త కారు అమ్ముడుపోతే లాభం వాళ్ళది.

ఇక రెండవది, కొత్త నూనె పోస్తే చస్తుందన్న భయం. ఇక్కడే కాకి వాలుతుంది.

సాధారణంగా గేరుపెట్టె నూనె మార్చాలన్న బుద్ధి మనకెప్పుడు పుడుతుంది? గేర్లు జారడం మొదలయ్యాక, కుదుపులు వచ్చాక, మాడు వాసన కొట్టాక. అప్పటికే లోపలి క్లచ్చులు అరిగిపోయి ఉంటాయి. ఆ స్థితిలో నూనె మార్చినా పోతుంది, మార్చకపోయినా పోతుంది. కానీ మార్చాక పోయింది గనుక నింద కొత్త నూనె మీద పడుతుంది. చివరి ఘడియలో తులసితీర్థం పోసినవాడే చంపాడన్నట్టు! ఆ బావమరిది గారి కారు కథ వినండి: అంతకు రెండు నెలల ముందునుంచే రెండవ గేరు జారుతోందట. ఈ ముక్క నేను గుచ్చి గుచ్చి అడిగితే గాని బయటికి రాలేదు.

ఎదుటివారి వాదంలోని నిజాన్ని ఒప్పుకోకపోతే అది వాదన కాదు, వితండవాదం. ఇప్పటికే జారుతున్న గేరుపెట్టెకు కొత్త నూనె సంజీవని కాదు. యంత్రం తగిలించి ఒత్తిడితో లోపలంతా కడిగించడం పాత బండికి మంచిది కాదని చెప్పేవారి మాటలో పస ఉంది. పేరుకున్న మడ్డి కదిలి సన్నని దారులకు అడ్డుపడవచ్చు. కానీ అడుగు బిరడా విప్పి, కారినంత కారనిచ్చి, అంతే కొత్తది పోయడం వేరు. ఈ రెంటికీ తేడా చెప్పకుండా 'ముట్టుకోకండి' అనడం వైద్యం కాదు, బెదిరింపు.

నా బండి గేర్లు శుభ్రంగా పడుతున్నాయి. నూనె గోధుమరంగుకు తిరిగింది గాని మాడు వాసన లేదు. అందుచేత నేనూ మేనల్లుడూ వరుసగా మూడు శనివారాలు నడుము వంచాం. బండిని చదునైన నేల మీద స్టాండ్లపై నిలిపాం. జాకు ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరేవాడికి ఆయుష్షు మీద ఆశ లేదని అర్థం. నూనె గోరువెచ్చగా ఉండగా బిరడా విప్పాం. దాని కొసన ఉన్న అయస్కాంతానికి మెత్తని బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. అది సహజమైన అరుగుదల. లోహపు పెచ్చులు కనబడితే భయపడాలి; కనబడలేదు. బిరడాకు కొత్త వాషరు వేసి బిగించి, కారిన నూనెను కొలిచి, పాత జడ్-1 స్థానంలో హోండా తెచ్చిన డీడబ్ల్యూ-1 అంతే కొలతలో గరాటుతో పోశాం.

ఒక్కసారికి కారేది రెండున్నర లీటర్లు. లోపల మొత్తం ఉండేది ఆరు లీటర్ల పైచిలుకు. అంటే మొదటిసారికి కొత్త నూనె వాటా దాదాపు 40 శాతం, రెండోసారికి 64, మూడోసారికి 78. ఈపాటి లెక్క చేయడానికి మెకానిక్కు కానక్కరలేదు. మట్టం చూడడంలో మాత్రం బండి పుస్తకమే ప్రమాణం. ఈ హోండాలో ఇంజను వేడెక్కాక ఆపి, నిమిషం నిమిషంన్నరలోపు చూడాలి; చాలా ఇతర కార్లలో ఇంజను నడుస్తుండగానే చూడాలి. పాత నూనెను డబ్బాల్లో నింపి, వాడిన నూనె తీసుకునే విడిభాగాల దుకాణంలో ఇచ్చివచ్చాం. దాన్ని కాలువలో పోసేవాడితో నాకు మాటల్లేవు.

ఆ తరువాత బండి పద్నాలుగు వేల మైళ్ళు తిరిగింది. ఇప్పటికీ నడుస్తోంది. ఇదిగో నా గెలుపు అని చాటితే నేనూ ఆ తాటిచెట్టు కిందివాణ్ణే అవుతాను. ఒక్క కారు సాక్ష్యం కాదు. రేపు అది ఆగిపోయినా నా వాదం ఆగదు. ఎందుకంటే అది నిలబడింది నా కారు మీద కాదు, ఆ నూనె చేసే పని మీద.

అసలు బాధ వేరే ఉంది. కొత్త కారు కొన్ననాడు గుడికి తీసుకువెళ్ళి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. విజయదశమికి పనిముట్లకు కుంకుమ పెడతాం. మిగతా సంవత్సరమంతా ఆ పనిముట్టు పట్టుకుంటే చేతికి మసి అవుతుందని, చూసినవారు ఏమనుకుంటారోనని వెనకాడతాం. పూజించే వస్తువును పట్టుకోవడానికి నామోషీ ఏమిటి? చేతులతో పనిచేసేవాణ్ణి చిన్నచూపు చూసే పాత జాడ్యమే వీసా తీసుకుని మనతో పాటు విమానమెక్కింది. ఆ జాడ్యం వల్లనే ఎవడేం చెప్పినా నమ్మే నిస్సహాయత.

మూడో శనివారం బిరడా విప్పింది మేనల్లుడే. నేను పక్కన దీపం పట్టుకున్నాను, అంతే.

కాదంటారా? మంచిదే. ముందు మీ కారు డిప్‌స్టిక్కు ఒకసారి తీసి చూడండి. అది లేని కారైతే పుస్తకమైనా తెరవండి. ఆ తరువాత నాతో వాదానికి రండి.