తొలి సూది ఎవరి చేతికి?

ఆళ్లగడ్డ దగ్గర పల్లె నుంచి వచ్చి నంద్యాలలో నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య తన ఫోనులో నాకొక ఆట చూపించింది. తెరమీద ఆసుపత్రి మంచం, దానిమీద ఒక తెల్లజాతి గర్భిణి. తలనొప్పిగా ఉందని ఇంగ్లీషులో చెబుతుంది. బీపీ చూడాలా, డాక్టరును పిలవాలా, మాత్ర ఇచ్చి పడుకోమనాలా? ఏదో ఒకటి నొక్కాలి. అమ్మాయి మాత్ర ఇచ్చింది. కాసేపటికి ఆ గర్భిణికి ఫిట్సు వచ్చాయి. “సచ్చిపాయ మేడమ్” అని నవ్వి, మళ్లీ మొదటినుంచి ఆడింది. ఈసారి బీపీ చూసింది, మూత్రపరీక్ష చేయించింది, బతికించింది.

ఆ నవ్వు మొదట నాకు నచ్చలేదు. తర్వాత నా మొదటి కాన్పు గుర్తొచ్చింది. నొప్పులతో ఉన్న నన్ను నలుగురు విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు లోపల పరీక్ష చేశారు. ఒక్కరూ అడగలేదు. పక్క మంచంమీది కూలి మనిషిని ఎంతమంది చూశారో నేను లెక్కపెట్టలేదు. అప్పటికి నేను స్త్రీల హక్కులమీద ఉపన్యాసాలిస్తున్నదాన్నే. అయినా “వద్దు” అనే మాట నోట్లోంచి రాలేదు.

డబ్బున్నవాళ్లు చెయ్యి తిరిగినవాళ్ల దగ్గరికి వెళతారు. మిగతా స్త్రీల ఒళ్లు ఇతరుల చెయ్యి తిరగడానికి పనికొస్తుంది. దీన్ని వైద్యవిద్య సమస్యగా తప్ప హక్కుల సమస్యగా మనం పెద్దగా చర్చించలేదు. అందుకే ‘వర్చువల్ సిమ్యులేషన్’ అని పిలిచే ఈ ఆటలను కంపెనీల సరుకని కొట్టిపారేయడానికి నాకు మనసు రావడం లేదు. గుర్రపువాతం వచ్చిన గర్భిణి విద్యార్థిని డ్యూటీలో ఉన్నప్పుడే రావాలని లేదు. వచ్చినా, ఆ హడావిడిలో విద్యార్థినిని పక్కకు నెట్టేస్తారు. ఆటలోనైతే పదిసార్లు తప్పు చేయవచ్చు. ఎవరూ చనిపోరు, ఎవరూ తిట్టరు. తిట్లు తింటూ తప్పులు దాచిపెట్టడం నేర్చుకున్న నర్సు కన్నా ఇది మేలు కదా.

ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల శిక్షణకు మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు 1911లోనే నిలువెత్తు బొమ్మను చేసిచ్చింది. అదే దేశంలో 2014లో వెలువడిన ఒక అధ్యయనాన్ని ఇప్పుడు అందరూ ఉదహరిస్తున్నారు. 10 నర్సింగు స్కూళ్లు, 600 మందికి పైగా విద్యార్థులు. ఆసుపత్రిలో గడపాల్సిన సమయంలో సగం వరకు సిమ్యులేషన్‌కు మార్చినా ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉదహరించేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లున్నారు. ప్రతిసారీ కూర్చుని, ఏం జరిగింది, ఎందుకు జరిగిందని విద్యార్థులతో మాట్లాడారు. హాస్టల్లో ఒంటరిగా ఫోను నొక్కుకునే అమ్మాయికి దాన్ని రుజువుగా చూపడం మోసం.

భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్‌లో సిమ్యులేషన్‌కు చోటిచ్చింది. మంచిదే. కానీ మంచాలు నిండని ఆసుపత్రిని చూపించి సీట్లు నింపుకునే యాజమాన్యానికి నాలుగు కంప్యూటర్లు కొనడం చాలా తేలిక. వార్డులో నిలబడే హక్కు మన అమ్మాయిలది. ఆట ఆ సమయాన్ని మింగకూడదు.

ఇంకో మాట, ఆ తెరమీది రోగి గురించి. ఆళ్లగడ్డ నుంచి వచ్చే గర్భిణి “తలనొప్పి” అని ఒక్క ముక్కలో చెప్పదు. “కండ్లకు మబ్బులు కమ్ముతాండాయి” అంటుంది. చాలాసార్లు ఆమె అననే అనదు, పక్కనున్న అత్త అంటుంది. ఆమె మాటలో బీపీని వినగలగడమే అసలు చదువు. అలాంటి ఆటను తెలుగులో తయారు చేయాలంటే ఆ మాటలు రాయాల్సింది ఏళ్లతరబడి కాన్పుల వార్డులో పనిచేసిన నర్సులూ, అక్కడ కన్న స్త్రీలూ. పైగా ఆటలో నర్సుకు ఒక్కరే రోగి. రాత్రి డ్యూటీలో వార్డంతా ఆమె ఒక్కదాని నెత్తిమీదే ఉంటుంది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశాల తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. మీ ఊరి నర్సింగ్ హోంలో ఎంతిస్తున్నారో అడిగి చూడండి.

లేచేముందు ఆ అమ్మాయిని అడిగాను: ముట్టుకునే ముందు నీ పేరు చెప్పి, “చూడొచ్చా అమ్మా?” అని అడుగుతావా అని. “ఈ ఆటలో ఆ బటన్ లేదు మేడమ్” అంది. వచ్చే నెల ఆమెకు కాన్పుల వార్డులో డ్యూటీ. అక్కడ అడుగుతానంది. సీనియర్లు ఒప్పుకుంటే.