తిప్పకూడని కుళాయి

మన రాష్ట్రంలో వేసవి సెలవులు ముగిసి బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం కూడా ఆ రోజే. 1942లో అదే తేదీన ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ అనే యూదుల పిల్లకు పదమూడో పుట్టినరోజు కానుకగా ఒక డైరీ దొరికింది. తేదీలు కలవడం కాకతాళీయమే. అయినా ఆ డైరీని అనంతపురం పిల్లల చేత ఏడెనిమిది తరగతుల వేసవిలోనే చదివించాలనడానికి గట్టి కారణాలున్నాయి.

మొదటి కారణం మన నోట్లోనే ఉంది. మన ఇళ్లల్లో హిట్లర్ అంటే కోపిష్టి నాన్న, బెత్తం పట్టిన లెక్కల సారు. ఆ పేరుతో సినిమా వచ్చింది, టీవీ సీరియలూ వచ్చింది. నాజీల పాఠం మాత్రం పిల్లలు హైస్కూలు పై తరగతులకు వచ్చాక గానీ రాదు. వచ్చినా 60 లక్షల మంది యూదుల హత్య నాలుగు మార్కుల ప్రశ్నగా మిగులుతుంది. అందులో పిల్లలే సుమారు 15 లక్షల మంది. చంపినవాడి పేరు మన పిల్లలకు తమాషాగా ముందే తెలుసు, చనిపోయిన పిల్లల్లో ఒక్కరి పేరూ తెలియదు. ఈ వరస మారాలి.

పన్నెండేళ్ల వాళ్లకు అంత ఘోరం ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చు. కానీ ఆ డైరీలో శవాల గుట్టలు లేవు. 1942 జూలైలో ఆ కుటుంబం తండ్రి ఆఫీసు వెనక గదుల్లో దాక్కుంది. రెండేళ్లకు పైగా సాగిన ఆ అజ్ఞాతవాసంలో మొత్తం ఎనిమిది మంది ఉన్నారు. అమ్మతో గొడవలు, కుళ్లిన బంగాళదుంపలు, ఆగని చదువు, రచయిత్రి కావాలన్న కోరిక, ఇవే ఆ పుటల నిండా. చివరి రాత 1944 ఆగస్టు 1 నాటిది, 4న పోలీసులు వచ్చారు. ఆ తర్వాతి కథ డైరీలో లేదు. 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో ఆన్ చనిపోయిందనీ, ఎనిమిది మందిలో బతికి బయటపడ్డ తండ్రి ఒక్కడే 1947లో ఆ డైరీని అచ్చు వేయించాడనీ టీచరు పక్కన కూర్చుని చెప్పాలి.

రెండో కారణం ఈ నేలకే సొంతం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీళ్లు బిందెల లెక్కన వాడుకోవడం పిల్లలకు కొత్త కాదు. ఆన్ దాక్కున్న చోటా నీళ్లకు లెక్కలున్నాయి. కింద గోదాములో పనివాళ్లు ఉన్నంతసేపు కుళాయి తిప్పకూడదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలకూడదు. మనకు కుళాయి తిప్పినా నీళ్లు రావు, వాళ్లకు నీళ్లున్నా కుళాయి తిప్పే వీల్లేదు. ఆ చప్పుడు వినబడితే ప్రాణాలు పోతాయి. ఈ తేడా మన పిల్ల పట్టుకోగలిగితే చరిత్రలో సగం అర్థమైనట్టే.

వాన రాకపోవడం ఒకటి, వచ్చిన కరువును ఏలికలు పట్టించుకోకపోవడం ఇంకొకటి, మనుషుల్ని పనిగట్టుకుని చంపడం వేరొకటి. ఇందులో రెండోది మనకు అనుభవమే. 1876-78 నాటి ధాత కరువులో దేశం నుంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు పనికి వచ్చిన మగమనిషి కూలిని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలకు, పైన కొద్ది చిల్లరకు కుదించాడు. ఆ తిండి బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరం రేషన్ కంటే తక్కువని చరిత్రకారుడు మైక్ డేవిస్ లెక్క కట్టాడు. పోలిక దిగ్భ్రాంతి కలిగించేదే, అయినా రెండూ ఒకటి కావు. ఇక్కడ ఖజానా మిగలాలని జనాన్ని చావనిచ్చారు, అక్కడ జనం మిగలకూడదని ఖజానా ఖర్చుపెట్టారు. తేడా తెలిసిన పిల్ల ఏ కష్టానికి ఎవరిని నిలదీయాలో నేర్చుకుంటుంది.

మన కరువు కథలుండగా పరాయి కథ దేనికనేవాళ్లకు ఒకటే మాట. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట', సింగమనేని నారాయణ కథలు పిల్లలు ఎలాగూ చదవాలి. ఆన్ డైరీ వాటికి పోటీ రాదు. పైగా అది మనవైపే వేలు చూపుతుంది. యూదుల పిల్లలు ట్రామెక్కకూడదు, సైకిల్ తొక్కకూడదు, తమకు విడిగా పెట్టిన బడికే పోవాలి అన్న నిబంధనలు చదివిన పిల్ల, టీకొట్టులో రెండు రకాల గ్లాసులు ఎందుకుండేవని అడుగుతుంది. జవాబు చెప్పలేకపోతే తప్పు పుస్తకానిది కాదు.

ఆరో తరగతి వాళ్లకు టాగోర్ 'పోస్టాఫీసు' నాటకంతో మొదలుపెట్టవచ్చు. 1919లో మదనపల్లెలో కూర్చుని జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చిన కవి రాసినదే ఇది. జబ్బుచేసి గది దాటలేని అమల్ అనే పిల్లవాడి కథ. 1942 జూలై 18న నాజీలు యూదుల్ని నిర్బంధించిన వార్సా గెట్టోలో అనాథాశ్రమం నడిపే యానుష్ కోర్చాక్ ఈ నాటకాన్ని పిల్లల చేత ఆడించాడు. నెల తిరక్కముందే దాదాపు 200 మంది పిల్లలతో పాటు ఆయన్నీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. తప్పించుకునే దారి ఉన్నా ఆయన పిల్లల్ని వదల్లేదు.

వీటన్నిటికీ పెద్ద పథకాలేమీ అక్కర్లేదు. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయంతో సెలవులకు ముందు బడి బీరువాకు తాళం పడుతుంది. పోయిన పుస్తకం కంటే తాళంలో ఉన్న పుస్తకమే దండుగని అధికారులు ఒక్క ఉత్తర్వులో చెబితే చాలు. బెంగుళూరుకు వలసపోయే అమ్మానాన్నల వెంట వెళ్లే పిల్ల సంచిలో ఒక పుస్తకం పోనివ్వండి. విత్తనానికి బుడ్డలు ఒలిచే అరుగు మీద ఒకరు చదివితే పదిమంది వింటారు. శాఖా గ్రంథాలయాల వేసవి శిబిరాల్లో రోజుకో నాలుగు పుటలు పైకి చదివించవచ్చు.

బడి తెరిచిన రోజు పరీక్ష పెట్టొద్దు. ఆ ఇంట్లో పగలు కుళాయి ఎందుకు తిప్పలేదని ఒక్క ప్రశ్న అడగండి. దానికి జవాబు చెప్పిన పిల్ల మళ్లీ లెక్కల సారును హిట్లర్ అనదు.