వాసన తెలియని చోటే ప్రమాదం

తోళ్ల పరిశ్రమ కార్మికుల ఆరోగ్యం గురించి అడిగితే యాజమాన్యాల నుంచీ, కొన్నిసార్లు చదువుకున్న మిత్రుల నుంచీ వచ్చే జవాబు ఒకటే: ‘వాళ్లకు ఆ వాసన అలవాటే’. తరతరాలుగా ఒక కులానికి అంటగట్టిన ఈ ‘అలవాటు’ను విషశాస్త్రం ఒప్పుకోదు.

పచ్చితోలు వెంట్రుకలు ఊడదీయడానికి సున్నంతోపాటు సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీటికి ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టే ఈ వాయువు, గాలిలో పది లక్షల భాగాలకు దాదాపు 100 భాగాలకు చేరితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందనుకొని కార్మికుడు తొట్టిలోకి దిగుతాడు. మనం అలవాటు అంటున్నది నిజానికి విషం పనిచేస్తున్నదనడానికి గుర్తు. మ్యాన్‌హోళ్లలో ప్రాణాలు తీసేదీ ఈ వాయువే. అక్కడ దిగేదెవరో వేరే చెప్పనక్కర్లేదు.

భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిస్థలపు గాలిలో రసాయనాలకు పరిమితులు విధించారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎనిమిది గంటల సగటు 10 భాగాలు. షెడ్డు మధ్యలో పరికరం పెట్టి తీసిన సగటు ఈ పరిమితిలోనే ఉండవచ్చు. తొట్టి అడుగున పది నిమిషాలు గడిపిన మనిషి పీల్చినది అందులో కనబడదు. పైగా అతను తరచూ కాంట్రాక్టరు పంపినవాడు. కంపెనీ ఆరోగ్య రిజిస్టరులో అతని పేరే ఉండదు.

క్రోమియం చర్మాన్ని దెబ్బతీస్తుంది. అది గాలిని కొలిచే పరికరానికి అందదు. 2025లో రద్దయ్యేదాకా అదే చట్టం మూడో షెడ్యూలులో క్రోమ్ పుండ్లు ఉండేవి. చూసిన వైద్యుడు ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాల్సి ఉండేది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మలాముతో సరిపెట్టుకునే మనిషి ఆ లెక్కలోకి ఎలా వస్తాడు?

మన ఊళ్లలో మాదిగల లందలో తంగేడు చెక్క ఉండేది. రాణిపేట, ఆంబూరు, కాన్పూర్ టానరీలలో దాని స్థానంలోకి క్రోమియం వచ్చింది, పెట్టుబడి వచ్చింది, ఎగుమతులు వచ్చాయి. తడితోలు మోసే చేతులు మాత్రం అక్కడా ఎక్కువగా దళితులవే, కాన్పూర్‌లో పేద ముస్లిములవి కూడా.

కాబట్టి ప్రమాదపు అంచనా షెడ్డుకు కాక పనికి జరగాలి. ఎవరు తొట్టి కడుగుతున్నారు, ఎంతసేపు, ఏ చేతితొడుగులతో అన్నది కాంట్రాక్టు కార్మికులతో సహా నమోదు కావాలి. అందులో సామాజిక వర్గం కూడా రాయాలంటే, ఆధునిక పరిశ్రమలో కులమెందుకని కొందరు అడుగుతారు. తొట్టిలోకి దిగేవారి జాబితానూ, కార్యాలయంలో కూర్చునేవారి జాబితానూ పక్కపక్కన పెట్టి చూపమని వారినే అడుగుదాం.