శాలువా కప్పింది చాలు, మైకు పెట్టండి

హైదరాబాద్‌లో ఓ కుర్రాడు గది తలుపేసుకుని గిటారు, లూప్ పెడల్, లాప్‌టాప్‌తో ఒక్కడే ఆల్బమ్ చేస్తే ‘ఇండీ’, ‘ప్రయోగం’ అంటూ ఆకాశానికెత్తుతాం. ఎత్తండి, ఎవరొద్దన్నారు? మణుగూరు పక్క కూనవరంలో ఓ పెద్దాయన ఒక్క డోలుతో సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. ఆయన్ని మాత్రం ‘జానపదం’ అని ఓ మూల కూర్చోబెట్టాం.

ఆ పెద్దాయన, సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. ఆ రెండేళ్లలో ఆయన పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లకు లెక్కలేదు. ఆ కథను మొదలు నుంచి చివరిదాకా మంచి మైకు ముందు పాడించి విడుదల చేసిన మ్యూజిక్ కంపెనీ ఏదో చూపించండి!

డోలు వాయిస్తూ కోయల వంశగాథలు పాడే ఈ డోలీల పాట మూడు నిమిషాల సరుకు కాదు. మూడు కోణాల గుడ్డ మీద మూలపురుషుల బొమ్మలుండే పడిగె ఎత్తి, ఏ గట్టు (గోత్రం) వాళ్లకు ఆ గట్టు చరిత్ర చెప్పాలి. నాకు ఫోన్లో దొరికే ముక్కల్లో సగం డోలు, సగం జనం గోల. అదే దరువు సినిమాలో ‘ట్రైబల్ బీట్’ అయ్యేసరికి ఖంగున మోగుతుంది. వాయించినవాడి పేరే ఎక్కడా కనపడదు.

ఒక్క రికార్డింగ్ ఏం చేయగలదో చూడండి. 1941లో జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ అమెరికాలో మిసిసిపీలోని ఓ పత్తి తోటకు రికార్డింగ్ యంత్రం మోసుకెళ్లి, అక్కడ ట్రాక్టర్ తోలే మడ్డీ వాటర్స్ చేత పాడించాడు. తన గొంతు తానే విన్న ఆ మనిషి రెండేళ్లకు షికాగో చేరాడు, ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. రోలింగ్ స్టోన్స్ పేరు పుట్టింది ఆయన పాటలోంచే. రాక్ అంటూ ఊగిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

ఇక్కడ గడువు కూడా లేదు. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం భద్రాచలం చుట్టుపక్కల మండలాలను ఆంధ్రలో కలిపారు. అక్కడి కోయ ఊళ్ల ముంపు లెక్కల్లో ఎకరాలున్నాయి, ఇళ్లున్నాయి, పాట లేదు. ఊరు లేస్తే కొలుపు చేసుకునే చోటు పోతుంది. కొలుపు పోతే డోలీని పిలిచే దిక్కుండదు.

భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఓ సౌండ్ ఇంజనీరును పంపకూడదా? గిటారు కుర్రాళ్లూ, మీ మైకులు మోసుకుని అడవి దారి పట్టండి. వాళ్ల పాటను కత్తిరించొద్దు, దానికి మీ బీటు అతికించొద్దు. ఆల్బమ్ అట్ట మీద డోలీ పేరు ముందుండాలి, డబ్బు డోలీ ఖాతాలో పడాలి. అది చేశాకే మనం ప్రయోగాల గురించి మాట్లాడుకుందాం.